పచ్చబాట పట్టిన వదిన

మౌలాలి హౌసింగ్ బోర్డు కాలనీలో ఏ అపార్ట్‌మెంట్‌కు వెళ్ళినా ఒక వదిన తగులుతుంది. భూమిని కాపాడే భారం తన భుజానే పడిందని ఆవిడ నమ్మకం. అదే భుజానికి ఓ గుడ్డసంచి వేలాడుతుంటుంది. సంచి మీద భూగోళం బొమ్మ, లోపల నాలుగు లిప్‌స్టిక్‌లు, కాజల్ పెన్సిలు, నీళ్ళకు చెక్కుచెదరని మస్కారా.

ఆఫీసు హైటెక్ సిటీలో. 2024 మార్చిలో మౌలాలి, సనత్‌నగర్‌ల మీదుగా లింగంపల్లికి ఎంఎంటీఎస్ మొదలైనప్పుడు, ఇక క్యాబ్ ఎక్కనని కాలనీ గ్రూపులో ప్రకటించింది. ఆకుపచ్చ గుండెలు వరసగా వచ్చి పడ్డాయి. రైలు దాని టైముకు అది పోతూనే ఉంది. వదినకే, ఐలైనర్ రెండో కంటికి చేరేసరికి క్యాబ్ తప్ప దారుండదు.

పొద్దున పూసుకున్నది రాత్రికి తీయాలి కదా. కంటికొకటి చొప్పున రోజుకు రెండు కాటన్ ప్యాడ్లు. ఒక ఆదివారం లెక్కేస్తే ఏడాదికి 730 తేలాయి. అవన్నీ ఎక్కడికి పోతున్నాయని ఆరా తీస్తే, ఊరి చెత్తతో పాటు జవహర్‌నగర్‌కు. అక్కడ 2020లో చెత్తను కాల్చి కరెంటు తీసే 19.8 మెగావాట్ల ప్లాంటు మొదలైంది. పోనీ, కరెంటన్నా వస్తోందిగా అని భర్త సర్దిచెప్పబోయాడు. “నా కాజల్‌తో ఎవరింట్లోనో బల్బు వెలగడం నాకిష్టం లేదు” అంది వదిన. ఆ రాత్రే ఉతుక్కుని వాడుకునే ప్యాడ్లకు ఆర్డరు పడింది.

పార్సిల్ వచ్చింది. పదహారు గుండ్రటి గుడ్డ ప్యాడ్లు, ఉతకడానికి వల సంచి, దాచుకోవడానికి వెదురు డబ్బా, భూమి తరఫున కృతజ్ఞతలు చెబుతూ ఒక కార్డు, వీటన్నిటికీ మూడు చుట్లు చుట్టిన బుడగల ప్లాస్టిక్. అత్తగారికి అందులో నచ్చినవి బుడగలే. సీరియల్ అయ్యేదాకా ఒక్కొక్కటే టప్‌మని నొక్కుతూ కూర్చున్నారు.

రాత్రి తొమ్మిదింటికి అద్దం ముందు కార్యక్రమం. ప్యాడ్‌కు ఒకవైపు మెత్తటి నూగు, రెండోవైపు తువ్వాలు నేత. నూగు వైపు నాలుగు చుక్కలు కొబ్బరినూనె వేసి, మూసిన కంటి మీద అద్ది, పదిహేను అంకెలు లెక్కపెడుతుంది. రుద్దకూడదు, రుద్దితే రెప్పవెంట్రుకలు ఊడతాయి. నీళ్ళకు లొంగని మస్కారాలో ఉండేది మైనాల పొర, నూనెకైతే లొంగుతుంది. లెక్క ముగిశాక ప్యాడ్‌ను కిందికి ఒక్క దువ్వు దువ్వితే నల్లటి చార దిగుతుంది. రెండోవైపు తడిపి తుడిస్తే జిడ్డూ పోతుంది. పద్ధతిలో వంక పెట్టడానికేమీ లేదు. నాటకాల వాళ్ళు రంగు తీయడానికి కొబ్బరినూనె వాడటం ఎప్పటినుంచో ఉన్నదే.

మామగారు లోకోషెడ్‌లో పనిచేసి రిటైరైనవారు. డబ్బా తిప్పి తిప్పి చూశారు.

“గ్రీజు తుడుచుకోవడానికి మాకు కాటన్ వేస్ట్ ఇచ్చేవాళ్ళమ్మా. డబ్బా మాత్రం ఇవ్వలేదు.”

“అది చేతులకు మామయ్యా, ఇది ముఖానికి.”

“నిజమేలే. చేతులకు ఇంత మందాన ఎప్పుడూ పూసుకోలేదు.”

అట్ట మీద ‘నూరు శాతం వెదురు’ అని ఉంది. భర్త ఊరుకోడు కదా, నెట్‌లో వెతికాడు. వెదురు పేరుతో వచ్చే మెత్తటి గుడ్డ చాలావరకు, వెదురు గుజ్జును రసాయనాల్లో కరిగించి తీసే విస్కోసేనట. విస్కోస్ బట్టల్ని వెదురువని చెప్పి అమ్మినందుకు 2013లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అమెజాన్‌తో సహా నాలుగు సంస్థల చేత 12.6 లక్షల డాలర్లు కట్టించిందని పైకి చదివి వినిపించాడు. వదిన మనసు విరిగింది. ఆ విరిగిన మనసుతోనే సేంద్రియ పత్తి ప్యాడ్లు ఇంకో పదహారు తెప్పించింది. తరువాత వట్టి నీళ్ళతోనే మేకప్ వదిలించే మైక్రోఫైబర్ సెట్టు వచ్చింది. అది పాలిస్టరనీ, ఉతికినప్పుడల్లా ప్లాస్టిక్ పోగులు నీళ్ళలో కలుస్తాయనీ తెలిసి, దాని మీదా మనసు విరిగింది. మనసు విరిగినప్పుడల్లా గుమ్మంలో డెలివరీ కుర్రాడు ప్రత్యక్షం.

అప్పుడే భర్త డెన్మార్క్ పర్యావరణ శాఖ 2018లో వేసిన లెక్క తీశాడు. సేంద్రియ పత్తి సంచి అన్ని రకాల ప్రభావాల్లోనూ పల్చటి ప్లాస్టిక్ సంచితో సమానం కావాలంటే దాన్ని 20,000 సార్లు వాడాలి. రోజుకోసారి వాడితే దాదాపు 55 ఏళ్ళు. “ప్యాడ్లకూ ఇలాంటి లెక్కేదో ఉంటుంది. ఒకే సెట్టును చిరిగేదాకా వాడితే గిట్టుబాటు. నువ్వేమో నెలకో సెట్టు మారుస్తున్నావు.” వదిన విననట్టే ఊరుకుంది. భూగోళం బొమ్మ సంచులు ఆవిడ దగ్గర తొమ్మిదున్నాయి.

ఉతుకుడు మరో ఘట్టం. సువాసన కోసం కండిషనర్ పోస్తే గుడ్డకు పొర పట్టి తడి పీల్చడం తగ్గుతుంది. బోరునీళ్ళలో సబ్బు నురగ రాక ప్యాడ్లు బిరుసెక్కుతాయి. కాబట్టి నల్లా వచ్చిన రోజే ముహూర్తం. 2021 జనవరి నుంచి ఇంటికి నెలకు 20,000 లీటర్లు ఉచితం అన్న ధీమాతో, గుప్పెడు ప్యాడ్లకు మెషీన్ మొత్తం నింపి, వేడినీళ్ళు పెట్టి తిప్పుతుంది. తువ్వాళ్ళతో కలిపి వేస్తే సరిపోతుందని భర్త అన్నాడు. ఆ వారం తువ్వాళ్ళు అతనే ఉతుక్కున్నాడు.

ఎండాకాలం. మేడ మీద పాత చీర పరిచి ప్యాడ్లన్నీ వరసగా ఆరబెట్టింది. మూడో అంతస్తు పిన్నిగారు మెట్లెక్కి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, చాలాసేపు పరిశీలించారు.

“అప్పడాలు ఒక్క సైజులో ఒత్తావమ్మాయ్. మినపవేనా? నల్లమచ్చలు పడ్డాయేం, మిరియం ఎక్కువైందా?”

“అది నా మస్కారా పిన్నిగారూ.”

పిన్నిగారు అప్పటికే ఒకటి వంచి చూస్తున్నారు, విరుగుతుందేమోనని.

చెత్త విడదీయడంలో మాత్రం వదినను మించినవాళ్ళు లేరు. 2015లో బల్దియా ఇచ్చిన పచ్చ డబ్బా, నీలం డబ్బా చాలా ఇళ్ళలో బియ్యానికీ నీళ్ళకూ మళ్ళితే, ఈవిడ ఇంట్లో ఇప్పటికీ తడికి తడి, పొడికి పొడి. స్వచ్ఛ ఆటో ఆవిడ నీలం డబ్బా ఎత్తబోయి, పక్కనున్న గుట్ట చూసి ఆగింది.

“మీ ఇంట్ల దూది తక్కువైంది గని అట్టడబ్బలు ఎక్కువైనయమ్మా.”

శ్రావణ శుక్రవారం వచ్చింది. మిగిలిపోయిన సెట్లకు వదిన దారి కనిపెట్టింది. పేరంటానికి వచ్చిన ముత్తయిదువలందరికీ తాంబూలంతో పాటు రెండేసి ప్యాడ్లు, వాడే విధానం మీద ఐదు నిమిషాల ఉపన్యాసం. అందరూ బుద్ధిగా తలూపి శనగలు కొంగున కట్టుకున్నారు. వారం తిరిగేసరికి ఒకరింట్లో ప్యాడ్ దీపపు కుంది కింద చేరింది. ఇంకొకరింట్లో కుంటి టేబుల్ కాలికి ఊతమైంది. మామగారు తనకు దక్కిన రెంటితో సైకిల్ చెయిను తుడిచి, కాటన్ వేస్ట్ కంటే నయమని సర్టిఫికెట్ ఇచ్చారు.

పిన్నిగారు లిఫ్టులో ఎదురై వదిన చెయ్యి పట్టుకున్నారు. “ఆ పెనం గుడ్డలు ఎక్కడివమ్మాయ్? నూనె ఎంత చక్కగా పడుతోందో! ఉతికి మళ్ళీ వాడుతున్నా. ఉల్లిపాయ ముక్క పని తప్పింది. ఇంకో డజను తెప్పించు.”

వదిన మొహం మాడ్చుకుంది. మొదటి అంతస్తు దాటేదాకా అలాగే ఉంది. ఆ తరువాత ఫోన్ తీసింది. పన్నెండు విడిగా దొరకవట, పదహారు కొంటే వల సంచి ఫ్రీ.