అమ్మకు తప్ప అన్నిటికీ బోర్డులు

హైదరాబాద్‌లో హైదర్‌గూడ చౌరస్తాలో నిలబడి చుట్టూ చూడండి. గుండెకు బోర్డు, కిడ్నీకి బోర్డు, మోకాలికి బోర్డు, ఆఖరికి రాలిన జుట్టుకూ బోర్డు. నారాయణగూడ ఫ్లైఓవర్ చేరేలోగా ఆడమనిషి ఒంట్లోని ప్రతి అవయవానికీ ఒక ఆఫీసు దొరుకుతుంది. అవన్నీ ఒకే మనిషివని పట్టించుకునే ఆఫీసు మాత్రం ఎవరూ తెరవలేదు. అద్దె గిట్టదు కాబోలు.

ఇల్లాలికి కడుపుబ్బరం. రెండు ముద్దలకే కడుపు నిండిపోతోంది, మాటిమాటికీ బాత్రూముకు పరుగు. మొగుడూ ఆడపడుచూ చిక్కడపల్లి మందుల షాపు కుర్రాడూ కలిసిన నిపుణుల కమిటీ ‘గ్యాస్’ అని ఏకగ్రీవంగా తేల్చేస్తుంది. నెలలు గడిచాక స్కాన్‌లో కడుపులో నీరు, రక్తంలో పెరిగిన కేన్సర్ సూచిక సీఏ-125. అండాశయ కేన్సర్ ఎక్కువమందిలో మూడో దశలోనో నాలుగో దశలోనో బయటపడేది అందుకే.

అసలు తమాషా ఆ తర్వాత. ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు చూస్తే షుగర్ మూడొందలు, హిమోగ్లోబిన్ ఏడు. “ఫిట్‌నెస్ ఇవ్వలేం, షుగర్ తగ్గించుకుని రండి.” షుగర్ డాక్టరు దగ్గరికెళ్తే, “ముందు కేన్సర్ సంగతి చూసుకోండమ్మా.” ఇద్దరూ నిజమే చెప్పారు. గడ్డ మాత్రం ఎవరి సంతకం కోసమూ ఆగదు.

పోనీ కీమో మొదలైందనుకుందాం. కార్బోప్లాటిన్ మోతాదు లెక్కగట్టేది కిడ్నీలు ఎంత వడపోస్తున్నాయో చూసి. పదేళ్ల షుగరూ బీపీ కలిసి వాటిని ఎప్పుడో నమిలేశాయి. పాక్లిటాక్సెల్ వేళ్లకూ పాదాలకూ తిమ్మిర్లు తెస్తుంది. అరికాళ్లు ముందే మండుతున్న మనిషికి అది తగ్గించాలి, ఒక్కోసారి ఆపేయాలి. ఆ మందు వికటించకుండా ముందుగా ఇచ్చే డెక్సామెథసోన్ షుగర్‌ను ఎగదోస్తుంది. బెవాసిజుమాబ్ అనే మందు కలుపుదామంటే బీపీ పైకి లేస్తుంది. అలా సగం ఆపరేషనుతో, ముప్పాతిక కీమోతో బండి నడిపించి, ఆమె పోయాక కేన్సర్ ఒక్కదాన్నే బోనులో నిలబెడతారు. షుగర్ నిర్దోషిగా విడుదల.

1987లో మేరీ చార్ల్‌సన్ బృందం అమెరికాలో తోడు జబ్బులకు ఒక మార్కుల పట్టిక తయారుచేసింది. గుండె వైఫల్యానికి ఒకటి, షుగర్‌కు ఒకటి, ఆ షుగర్ కిడ్నీలనో కళ్లనో దెబ్బతీసి ఉంటే రెండు. మార్కులు పెరిగేకొద్దీ సీటు ఊడే పరీక్ష ఉంటుందని అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లు నమ్మవేమో, ఇది అదే. డెన్మార్క్‌లో రిజిస్ట్రీలు తిరగేసిన పరిశోధకులు దశనూ వయసునూ లెక్కలోకి తీసుకున్నాక కూడా, తోడు జబ్బులున్న అండాశయ కేన్సర్ రోగుల ఆయుష్షు తక్కువేనని చూశారు. బీపీ విషయంలో అధ్యయనాలు ఒక మాట మీద లేవు. ఎక్కువ వేళ్లు షుగర్ వైపే చూపిస్తున్నాయి. ఇక కొత్త మందుల ట్రయల్స్ సంగతి మరీ ముచ్చట. కిడ్నీలు సరిగా లేనివాళ్లనూ గుండె జబ్బు ముదిరినవాళ్లనూ చాలావాటిలో గుమ్మం దగ్గరే ఆపేస్తారు. ఆరోగ్యంగా ఉన్న రోగుల మీద నెగ్గిన మందును అనారోగ్యంగా ఉన్న రోగులకు రాసిస్తారు.

ఐసీఎంఆర్ సర్వే 2023లో చెప్పిన ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్ల పైమాటే. పెద్దల్లో వందకు 35 మందికి బీపీ. ఇంతమందికి ఉన్నదాన్ని కేన్సర్ ఫైల్లో ‘ఇతర’ అనే గడిలోకి తోసేయడానికి ఎంత ధైర్యం కావాలో!

ఏలినవారు దూరంగా ఏమీ లేరు, ఎమ్మెల్యే క్వార్టర్స్ ఈ హైదర్‌గూడలోనే ఉన్నాయి. ముఖ్యమంత్రి సహాయ నిధికి సిఫారసు లెటర్ కోసం వెళ్లి కేన్సర్ అనండి, కలం కదులుతుంది. షుగర్ అనండి, “నాకూ ఉందమ్మా” అని నవ్వి, చక్కెర లేని చాయ్ ఇప్పిస్తారు.

ఇంటి యజమానుల్ని వదిలేస్తే పాపం. మొగుడి బీపీ మాత్రలు వారాలవారీగా డబ్బాలో సర్దేది ఆవిడే. తన షుగర్ స్ట్రిప్ అయిపోయి ఎన్నాళ్లయిందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. కోహ్లీ సగటును దశాంశాలతో సహా అప్పజెప్పే మగమహారాజులూ, మీ ఇంటావిడ మూడు నెలల షుగర్ సగటు ఎంతండీ?