బోంజూర్ మాదాపూర్!

హైటెక్ సిటీ క్యాబుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని గొణుక్కునేవాళ్లంతా ఆఫీసు కాల్‌లో ఉన్నారనుకోకండి. కొందరు ఫ్రెంచి క్రియలు వల్లె వేస్తున్నారు. అమెరికా హెచ్‌-1బీ వీసా లాటరీ ముఖం చాటేసింది. కెనడా చూస్తే, వలస వచ్చేవాళ్లను పాయింట్లతో వడపోసే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో 2025 మార్చిలో ఉద్యోగ ఆఫరుకిచ్చే పాయింట్లు ఎత్తేసింది. అదే నెలలో ఫ్రెంచి వచ్చినవాళ్లను మాత్రం 379 పాయింట్లకే రమ్మంది! ఐదొందలు దాటినవాళ్లు గుడ్లప్పగించి చూశారు.

దాంతో ‘ఇంట్లో తెలుగు మాట్లాడితే పిల్లాడి ఇంగ్లిష్ పాడైపోతుంది’ అని కట్టడి చేసిన నాన్నగారే ఇప్పుడు రాత్రి పదింటికి ముక్కుతో పలకడం సాధన చేస్తున్నారు. వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం... నాలుగింట్లోనూ ఏడో స్థాయి రావాలి మరి. (తెలుగులో పెడితే ఎన్నింట్లో గట్టెక్కుతారో అడక్కండి.)

అసలు తమాషా వేరే ఉంది. ఈ ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో వెళ్లేవారు క్యూబెక్ బయటే స్థిరపడాలి. అంటే ఫ్రెంచి నేర్చుకోవాలి, ఫ్రెంచి రాజ్యమేలే రాష్ట్రానికి మాత్రం పోకూడదు! బ్రాంప్టన్ బేస్‌మెంట్‌లో పక్కింటి పంజాబీ ఆయనతో ఏ భాషలో మాట్లాడతారో మరి.

మన యానాం పెద్దలు 1954లో ఫ్రెంచివాళ్లను సాగనంపారు. పాపం, పాయింట్ల సంగతి వాళ్లకెవరూ చెప్పలేదు.