ముందు జాకీ చూపించండి

మా రోజుల్లో లారీ మీద కొత్తగా చేరిన క్లీనరుకు డ్రైవరు మొదట నేర్పేది జాకీ పట్టడం. దాన్ని ఎక్కడ పెట్టాలి, కింద ఏం వేయాలి, ఎలాంటి చోట అసలు పెట్టకూడదు, ఇవన్నీ ఒంటబట్టాకే స్టీరింగు దగ్గరికి రానిచ్చేవారు. ఇప్పుడేమో ఊళ్లు తిరగడానికి కుర్రాళ్లు వ్యానులో మంచం, ఫ్రిజ్, గ్యాసు పొయ్యి, స్నానానికి గది, నెత్తిన సోలారు పలకలు, అన్నీ లక్షలు పోసి కట్టించుకుంటున్నారు. జాకీ ఏదబ్బాయ్ అని అడిగితే మాత్రం సీటు కింద తడుముకుంటారు. కంపెనీవాళ్లు ఇచ్చిందే ఉంటుందిలెండి అంటారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

2021లో కేరళ ప్రభుత్వం కారవాన్ టూరిజం మొదలుపెట్టినప్పుడు అది ఎక్కడో దూరపు ముచ్చట అనుకున్నాం. ఇప్పుడు పులిచింతల నీళ్లు చూడాలని బెల్లంకొండ వైపు, ఎత్తిపోతల చూడాలని మాచర్ల వైపు కుర్రాళ్లు అలాంటి బళ్లేసుకుని మా పెదకూరపాడు మీదుగానే పోతున్నారు. తారు రోడ్డు దిగి డొంకల్లో, ఏటి ఒడ్డున రాత్రి బస చేస్తామంటున్నారు. చేయండి, నాకూ సంతోషమే. కానీ కంపెనీ ఇచ్చిన జాకీ, బండికి కంపెనీ అనుకున్న బరువుకు లెక్కగట్టింది. ఆ తరవాత మీరు ఎక్కించిన సంసారం సంగతి దానికి తెలియదు. 150 లీటర్ల నీళ్ల ట్యాంకు నింపితే 150 కిలోలు. ఇంట్లో వాడే గ్యాసు సిలిండరు నిండుగా ఉంటే ముప్ఫై కిలోల దాకా వస్తుంది. బ్యాటరీలు, ప్లైవుడ్ బీరువాలు, అదనపు చక్రం వేరే.

మేం గుంటూరు యార్డుకు మిరపకాయలు తోలేవాళ్లం. టిక్కీ అంటే మిరప బస్తా, నలభై, నలభై అయిదు కిలోలు. ఎన్ని టిక్కీలు ఎక్కాయో చెబితే చాలు, బరువెంతో నోటి లెక్కే. పైగా కాటా చీటీ చేతిలో ఉండేది. ఇవాళ ఈ వ్యానులవాళ్లలో బండిని కాటా వేయించినవాళ్లు నాకింతవరకు తగల్లేదు. ట్యాంకు నింపి, మనుషులు ఎక్కి, ముందు ఇరుసు, వెనక ఇరుసు విడివిడిగా తూయించండి. బరువైన ఇరుసు మొత్తాన్ని ఒక్క జాకీ మోయగలగాలి. చక్రానికి సగమే గదా అని సగం లెక్క కట్టకూడదు. వాలులో, బురదలో ఆ సగం సగంగా ఉండదు.

ఎత్తు సంగతి ఇంకో తిప్పలు. పది టన్నుల బాటిల్ జాకీ కొనేస్తే చాలనుకుంటారు. జాకీ పెద్దదయ్యేకొద్దీ అది ముడుచుకున్నప్పటి ఎత్తూ పెరుగుతుంది. పంచరయిన టైరు నేలకు కరుచుకుపోయినప్పుడు ఇరుసు కిందికి ఆ జాకీ దూరదు. అందుకే టైరులో గాలి తీసేసి, టేపుతో నేలకూ ఇరుసుకూ మధ్య ఎంతుందో కొలవాలి. గాలి నింపిన చక్రం ఎక్కించడానికి ఎంత లేవాలో అదీ కొలవాలి. ఇలాంటి బళ్ల సస్పెన్షను బాగా సాగుతుంది, కాబట్టి ఛాసిస్ కింద జాకీ పెడితే బాడీ లేస్తుంది గాని చక్రం వేలాడుతూ నేలమీదే ఉంటుంది. కమాన్ కట్టలున్న బండికి మేం ఎప్పుడూ ఇరుసు కిందే పెట్టేవాళ్లం.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది నేల. మాది నల్లరేగడి. పత్తికీ మిరపకీ ఇంతకన్నా మంచి నేల లేదు. వాన పడితే ఉబ్బి జారుతుంది, ఎండాకాలంలో నెర్రెలు విచ్చుతుంది. తడి రేగడిలో ఒట్టి జాకీ మేకులా దిగిపోతుంది, బండి లేవదు. లెక్క చూడండి: జాకీ అడుగు 10 సెంటీమీటర్ల చదరం, మీద ఒకటిన్నర టన్నులు పడితే చదరపు సెంటీమీటరుకు 15 కిలోలు. దాని కింద 30 సెంటీమీటర్ల చదరపు తుమ్మ చెక్క, మందమైనది, వేస్తే అదే బరువు చదరపు సెంటీమీటరుకు రెండు కిలోల లోపుకు దిగుతుంది. ఆ చెక్క మా లారీలో జాకీతో పాటే ఉండేది, దాన్ని పొయ్యిలోకి వాడిన క్లీనరుకు చీవాట్లే. మన పల్నాడులో చేతికందే నాపరాయి మాత్రం వేయొద్దు. అది పొరలు పొరల రాయి, బరువు ఒక్కచోట పడితే పుటుక్కున విరుగుతుంది. ఇటుకా అంతే.

హ్యాండ్ బ్రేకు వేశాం గదా అన్న ధీమా కూడా చూస్తున్నాను. పాత జీపులకు ఆ బ్రేకు గేరుబాక్సు వెనక షాఫ్టును పట్టేది. ఒక వెనక చక్రం గాల్లోకి లేవగానే డిఫరెన్షియల్ వల్ల ఆ చక్రం తిరిగిపోయి, బండి కదిలిపోయేది. గేరులో పెట్టి వదిలేస్తే ఇవాళ్టి బండైనా అంతే. మిగిలిన చక్రాలకు రెండు వైపులా రాళ్లు అడ్డం పెట్టనిదే మేం జాకీ ముట్టేవాళ్లం కాదు. జాకీని నమ్మి బండి కింద పడుకునేవాళ్లమూ కాదు, పక్కన దిమ్మలు పేర్చాల్సిందే.

కొత్తవన్నీ చెడ్డవని నేననను. సైలెన్సరు పొగతో ఉబ్బే సంచి జాకీ చూశాను. అమరావతి రేవు ఇసుకలో దిగబడిన లారీలకు మా కాలంలో అలాంటిది ఉంటే ఎంత చాకిరీ తప్పేదో! కానీ సర్కారు తుమ్మ ముళ్లున్న చోట కింద మందపాటి పట్టా పరచకుండా దాన్ని ఉబ్బించకండి. నాలుగడుగుల హైలిఫ్ట్ జాకీని బంపరుకు తగిలిస్తామంటున్నారు, అది అమెరికాలో 1905 నుంచీ ఉన్నదే. రేకు బంపరు దానికి ఆగదు, పైగా దాని పిడి ఎదురుతన్నితే దవడ ఎముక విరుగుతుంది. అంత బరువు బండికి అది వద్దు.

ఆయుధపూజ నాడు మేం జాకీని కడిగి, స్క్రూకు గ్రీజు పెట్టి, పసుపు కుంకుమ అద్దేవాళ్లం. ఏడాదికొకసారైనా దాన్ని పూర్తిగా విప్పి చూసినట్టయ్యేది. ఇప్పటి బాటిల్ జాకీలు డిక్కీలో అడ్డంగా పడి, నూనె కారి, అవసరానికి లేవకుండా పోతున్నాయి. నిలబెట్టి కట్టండి.

కాటా బరువు, టేపు కొలత ఒక కాగితం మీద రాసుకుని విజయవాడ ఆటోనగర్‌కు వెళ్లండి. ఫోనులో బొమ్మ చూసి కొనకండి. తెచ్చాక ఇంటి ముందు నాలుగు చక్రాలూ ఒక్కొక్కటిగా లేపి దించండి. ఆ వ్యానులో మీతో వచ్చే ఆడపిల్లల చేత కూడా చేయించండి.