రెండు నిమిషాల బంధుత్వం

“టీమ్ కదా బావా, నీకేం భయం?”

బ్యాంకు అప్పుకి జామీను సంతకం అడిగేవాడు “ఊరికే ఒక సంతకమే గదా” అంటాడు. మనిషిని నిలువునా ముంచే మాటల్లో దాన్ని మించింది లేదనుకునేవాణ్ణి. ఈ సంక్రాంతికి మా బావమరిది ఆ నమ్మకం పోగొట్టాడు.

వాడిది బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో కంప్యూటర్ ఉద్యోగం. పండక్కి పుట్టపర్తి వస్తూ కారు వెనక రెండు సైకిళ్ళు కట్టుకొచ్చాడు. మా నాయన కాలంలో చెనక్కాయ మూట, గడ్డిమోపు, మేకపిల్ల, కొత్త పెళ్ళికూతురు, అన్నీ సైకిలెక్కి ఊరేగినవే. సైకిలే ఇంకో బండెక్కి ఊరేగడం మాత్రం మా వీధి చూడలేదు. రెండూ కొండలెక్కే సైకిళ్ళు. ఒకటి వాడిది, లక్షన్నర. రెండోది వాడు వాడి వదిలేసింది, నాకు. ఫిబ్రవరిలో చిక్కబళ్ళాపురం వైపు గుట్టల్లో ఆరు గంటల రేసుందట. ఇద్దరిద్దరు ఒక జట్టు. వాడి జోడీగాడు ఆఫీసులో పనెక్కువైందని చివర్లో తప్పుకున్నాడు. (అతనెంత తెలివైనవాడో నాకు తర్వాత తెలిసింది.) నాకు 46 ఏళ్ళు. హైస్కూల్లో లెక్కలు చెప్తాను. సైకిల్ ముట్టి ఇరవై ఏళ్ళు.

“కొత్తవాళ్ళకి టీమ్ రేసే మంచిది బావా. కష్టం చెరిసగం పంచుకుంటాం,” అన్నాడు.

ఇది వాడొక్కడి మాట కాదు. బిగుతు బట్టలు తొడిగి సైకిలెక్కిన ప్రతివాడూ చెప్పే సిద్ధాంతమే. ఒంటరిగా తొక్కితే కష్టం, జట్టుగా తొక్కితే నిన్నగాక మొన్న నేర్చుకున్నవాడికైనా సులువు! లెక్కల మాస్టారుగా దీని మీద నాకు అభ్యంతరం ఉంది. ఒకడు గంటకి 20 కిలోమీటర్లు తొక్కుతాడు. ఇంకొకడు 10. ఇద్దరూ విడిపోకుండా పోవాలి. జట్టు వేగమెంత? మా ఎనిమిదో తరగతిలో చివరి బెంచీవాడు లేచి “పదిహేను సార్” అంటాడు. తప్పు. పది. కలిసి పోవాల్సిన చోట సగటు పనికిరాదు, కనిష్ఠమే లెక్క. చెరిసగం అని పిలిచేవాళ్ళంతా సగటు చూపించి కనిష్ఠం అంటగడుతున్నారు. కొత్తవాడి కాళ్ళ బరువు వీసమంత కూడా తగ్గదు. వాడి ఆయాసానికి ఒక సాక్షి మాత్రం దొరుకుతాడు.

రేసులు పెట్టేవాళ్ళకి ఈ లెక్క తెలీదనుకోవద్దు. దక్షిణాఫ్రికాలో 2004 నుంచి కేప్ ఎపిక్ అని ఒకటి జరుగుతోంది. ఎనిమిది రోజులు, ఆరేడు వందల కిలోమీటర్ల కొండదారి, ఇద్దరిద్దరు జట్లు. అందులో జోడీ మధ్య ఎడం రెండు నిమిషాలు దాటకూడదు. దాటి పట్టుబడితే గంట జరిమానా. ఏడడుగులు కలిసి నడిపించిన మన పురోహితుడే ఎనిమిదో అడుగు నుంచి గడియారం పెట్టలేదు. వీళ్ళు పెట్టారంటే, జట్టు స్ఫూర్తి దానంతటది ఎంతసేపు నిలబడుతుందో కళ్ళారా చూసే ఉంటారు.

రోడ్డు మీద దూరాలు తొక్కే రాండొన్నీర్లు అని ఇంకో తెగ ఉంది. మన దగ్గర కూడా బాగానే ఉన్నారు, 44వ నంబరు హైవే పక్కన అర్ధరాత్రి ఎర్రదీపం మిణుకుమిణుకుమంటూ పోతుంటే అది మిణుగురు కాదు, వాళ్ళే. వాళ్ళలో జట్టుగా తొక్కేదాన్ని ఫ్లెష్ అంటారు. 24 గంటల్లో కనీసం 360 కిలోమీటర్లు, మూడు నుంచి ఐదు బళ్ళు, వాటిలో కనీసం మూడు గమ్యం చేరాలి. ఐదుగురు బయల్దేరితే ఇద్దర్ని దారిలో రాల్చుకోవచ్చని నియమాలు రాసినప్పుడే అనుకున్నారన్నమాట. ఆ ఇద్దరూ ఎవరో ఊహించడానికి లెక్కలు రానక్కర్లేదు.

కాస్త దయగల పద్ధతి అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో 1992లో మొదలైంది. 24 గంటల రేసు, జట్టులో వాళ్ళు వంతులవారీగా చుట్లు తొక్కుతారు. మిగతావాళ్ళు డేరాలో పడుకోవచ్చు. రాత్రి రెండున్నరకి భుజం తట్టి “నీ వంతు” అని లేపుతారు. ఆ వేళకి మా వైపు రైతు కూడా అలాగే లేచేవాడు, మోటారుకి కరెంటొచ్చిందని. అతనికెవరూ పతకం వేయలేదు.

అసలీ సైకిల్ పుట్టుక తెలిస్తే లక్షన్నర పెట్టేటప్పుడు చెయ్యి కాస్త వణుకుతుంది. కాలిఫోర్నియాలో, ఫెయిర్‌ఫాక్స్ అనే ఊరి దగ్గర, 1976 అక్టోబర్ 21న కొందరు కుర్రాళ్ళు పాత సైకిళ్ళేసుకుని ఒక మట్టిదారిలో కొండ దిగే పందెం పెట్టుకున్నారు. అవి 1930లు, 40ల నాటి బరువైన ష్విన్ బళ్ళు. బ్రేకు వెనక చక్రం ఇరుసులోనే ఉండేది. ఒక్కసారి దిగేసరికి అందులో గ్రీజు కాలి పొగైపోయేది, మళ్ళీ కూరితేగానీ రెండోసారి దిగడానికి వీల్లేదు. అందుకే ఆ పందేనికి పేరు రీప్యాక్. గ్యారీ ఫిషర్, జో బ్రీజ్, చార్లీ కెల్లీ లాంటివాళ్ళు ఆ పాతసామాను మరమ్మతు చేస్తూ చేస్తూ మౌంటెన్ బైకుని పుట్టించారు. అంటే ఈ క్రీడకి మూలవిరాట్టు మా నాయన అట్లాస్ లాంటి ఇనపబండే. దాన్ని మేము పాతసామాన్లోడికి వేసి ఉల్లిగడ్డలు తీసుకున్నాం.

సాధన మొదలైంది. ముందు ఆ చెడ్డీ సంగతి చెప్పాలి. పిరుదుల కింద మెత్త కుట్టిన నల్లటి బిగుతు చెడ్డీ, తొక్కేటప్పుడు దానికి అర్థం ఉంటుంది, దిగి టీ అంగడి ముందు నిలబడితే ఉండదు. వేరే ఊళ్ళో అయితే పరువు పోయేదే. పుట్టపర్తి ఎన్నో దేశాల మనుషుల్ని, ఎన్నో రకాల బట్టల్ని చూసిన ఊరు. దేనికీ తల తిప్పదు. గణేశ్ గేటు దగ్గర నాకు పదేళ్ళుగా తెలిసిన ఆటో అతను, నెత్తి మీద హెల్మెట్టు, కళ్ళకి నల్లద్దాలు చూసి “హలో సార్, ఎయిర్‌పోర్ట్? స్టేషన్?” అన్నాడు. నేను తెలుగులో జవాబిచ్చేసరికి “అబ్బా, తెలుగు బాగా నేర్చుకున్నారు సార్” అని మెచ్చుకున్నాడు.

ఈ సైకిళ్ళకి గంట ఉండదు. గంట బరువట! మా ఊళ్ళో అదో లోటు కాదు. ఇక్కడ నమస్కారానికీ సాయిరామే, జరగమనడానికీ సాయిరామే, చిల్లర లేదనడానికీ సాయిరామే. నేనూ “సాయిరాం, సాయిరాం” అంటూ సందుల్లోంచి దూసుకుపోయాను. కాలిజోడుని పెడలుకి బిగించే క్లీట్లు వేసుకున్న మొదటిరోజు బస్టాండు ముందు ఆగాను. కాలు ఊడి రాలేదు. నిలబడ్డ సైకిల్‌తో సహా, నిదానంగా, నరికిన చెట్టులా పక్కకి ఒరిగాను. చుట్టూ ఉన్నవాళ్ళు దానికీ సాయిరాం అన్నారు.

వాడు చెప్పిన ప్రకారం పొద్దున్నే చిత్రావతి ఇసకలో దిగేవాణ్ణి. చిత్రావతి చిక్కబళ్ళాపురం కొండల్లో పుడుతుంది. కొంత దిగాక పరగోడు దగ్గర కర్ణాటక కట్టుకున్న ఆనకట్ట ఉంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన రాలితే గొప్ప అనుకునే మాకు ఆ కొండల నుంచి నీళ్ళు ఎప్పుడోగానీ రావు. ఆ కొండల్లోనే, 1478 మీటర్ల ఎత్తున్న నంది హిల్స్ ఎక్కీ దిగీ బెంగళూరు వాళ్ళు తెచ్చుకున్న ఈ పిచ్చి మాత్రం ఏ ఆనకట్టా ఆపకుండా మా గడప దాకా పారింది.

తర్వాత బుక్కపట్నం చెరువుకట్ట. అక్కడ పల్లేరు కాయలు నా కోసమే ఎండి ఉన్నాయి. కొత్త రకం చక్రాల్లో ట్యూబు ఉండదు, లోపల తెల్లటి పాలలాంటి ద్రవం పోస్తారు, ముల్లు దిగితే అదే గడ్డకట్టి బెజ్జం మూసేస్తుంది. మా బావమరిది ఈ వైనం సంజీవని తెచ్చిన హనుమంతుడిలా చెప్పాడు. మా ఎండకి ఆ పాలు ఎప్పుడో ఆవిరైపోయి చక్రం లోపల అట్టు కట్టుకున్నాయి. కొత్తచెరువు దారిలో పంచర్ అంగడి దాకా తోసుకెళ్ళాను. అంగడి పెద్దాయన టైరు తిప్పి చూసి పదకొండు ముళ్ళు లెక్కపెట్టాడు. “దీన్లో ట్యూబేది సార్?” అన్నాడు. లేదన్నాను. ఇంజను లేని కారు చూసినట్టు చూశాడు. “ఎవరో మోసం చేసినారు సార్ మిమ్మల్ని,” అని తానే ఒక ట్యూబు దూర్చి, నూట ఎనభై తీసుకున్నాడు. ఆయన నిర్ధారణలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు.

అక్కడ కూర్చున్నప్పుడే తట్టింది, మేమంతా పుట్టింది టీమ్ సైక్లింగ్‌లోనే గదా అని. దాన్ని డబుల్స్ అనేవాళ్ళం. తొక్కేవాడు ఒకడు, క్యారియర్ మీద ఒకడు, ఇంకో చుట్టం దిగబడితే ముందు కడ్డీ మీద మూడోవాడు. మిట్ట వస్తే క్యారియర్ మీదివాడు చెప్పకుండానే దిగి తోసేవాడు, ఎక్కాక మళ్ళీ గెంతి కూర్చునేవాడు. సగం దారిలో చోట్లు మార్చుకునేవాళ్ళం. ధర్మవరం నుంచి పట్టుచీరలు, కదిరి తిరునాళ్ళకి తాతలు, పదో తరగతి పరీక్షకి నేను, అలాగే పోయాం. జోడీ మధ్య ఎడం ఎప్పుడూ రెండడుగులు దాటలేదు. చెరిసగం అంటే అది. క్యారియర్ పీకేసిన సైకిల్ మీద కూర్చుని జట్టు గురించి ఉపన్యాసమివ్వడం, అన్నం వండని ఇంట్లో విస్తళ్ళు పంచినట్టుంది.

రేసు రోజు. తొమ్మిది కిలోమీటర్ల చుట్టు, నీలగిరి తోపుల్లోంచి, గుండ్రాళ్ళ మీదుగా. ఆరు గంటల్లో ఎన్ని చుట్లయితే అన్ని. రెండు నిమిషాల నియమం ఇక్కడా దిగుమతి చేశారు. “టైము గురించి ఆలోచించకు బావా, ఎంజాయ్ చెయ్యి,” అంటూ వాడు వాచీ చూసుకున్నాడు. ఆ ఒక్క వాక్యంలో రెండుసార్లు చూసుకున్నాడు.

జట్టులో కొత్తవాడికి జరిగే అసలు అన్యాయం నాకు మొదటి మిట్ట మీద అర్థమైంది. ఇది ఎవడూ ముందు చెప్పడు. వేగంగా ఎక్కినవాడు పైన ఆగుతాడు. చెట్టుకి ఆనుకుంటాడు, నీళ్ళు తాగుతాడు, ఖర్జూరం నములుతాడు. నేను నాలుక బయటపెట్టి చేరగానే “వచ్చావా, పద బావా” అని కదులుతాడు. అంటే విశ్రాంతి అవసరం లేనివాడికి ప్రతి మిట్టకీ విశ్రాంతి, ప్రాణం పోతున్నవాడికి ఒక్క క్షణం లేదు. వాడి విశ్రాంతంతా నా చెమటతో తయారైంది. పైగా అందరికీ వినపడేలా, “మా బావ కోసం ఆగుతున్నా, పరవాలేదు” అంటాడు. త్యాగం కూడా వాడి ఖాతాలోనే.

గంటకి అరవై నుంచి తొంభై గ్రాముల పిండిపదార్థం లోపలికి పోతూండాలట, వాడు పిండుకుని మింగే జిగురు పొట్లాలు ఇచ్చాడు. రెండు మింగాను. మూడో గంటకి ఉగ్గాని, బజ్జీ కళ్ళ ముందు తిరిగాయి. నిజంగానే తిరిగాయి, పక్కన మా పంచర్ పెద్దాయన కూడా.

మూడో చుట్టులో దైవం కలగజేసుకుంది. వాడి లక్షన్నర సైకిల్ వెనక గేరు యంత్రంలో ఎండుకొమ్మ ఇరుక్కుని, దాన్ని చట్రానికి తగిలించే అల్యూమినియం ముక్క ఫట్‌మని విరిగింది. చట్రం బతకాలని ఆ ముక్కని విరిగేలాగే చేస్తారట. ఇంకో ముక్క వాడి దగ్గర లేదు. నాది నడుస్తోంది, కానీ క్యారియర్ లేదు. ఇద్దరం దిగి తోసుకుంటూ నడిచాం. ఆ అరగంట మాత్రం మేం నియమం తప్పలేదు.

వెనక నుంచి ఎక్స్ఎల్ మోపెడ్ వచ్చి ఆగింది. వెనక తవుడు మూట. ఆ పక్క పల్లెల్లో తెలుగు బాగా నడుస్తుంది. “యాడికి సామీ, ఎండలో? ఒకర్ని ఎక్కించుకుంటా. ఇంకొకరికి జాగా లే,” అన్నాడాయన.

“నువ్వెక్కురా, నీ సైకిల్ నేను తోసుకొస్తాలే,” అని మర్యాదకి అందామని నోరు తెరిచాను. ‘నువ్వె’ దగ్గర ఉండగానే వాడు తవుడు మూట మీద ఉన్నాడు. ఎక్స్ఎల్ దుమ్ము లేపుకుంటూ కదిలింది. మలుపు దగ్గర వాడు వెనక్కి తిరిగి చెయ్యూపాడు.

“రెండు నిమిషాల్లో వచ్చేస్తా బావా!”

ఒక చేత్తో నా సైకిల్, ఇంకో చేత్తో లక్షన్నర పట్టుకుని, వాచీ చూసుకున్నాను.