కల్లేదారు కావలెను

"కమ్యూనిటీ మేనేజర్ కావలెను. ఓపెన్ సోర్స్ అంటే ప్రాణం పెట్టేవారై ఉండాలి. జీతం లేకుండా మన కోసం కోడ్ రాస్తున్న వేలమందికి ఉత్సాహం తగ్గకుండా చూసుకోగలగాలి. గొడవలు సర్దగలగాలి. కంపెనీ నిర్ణయాలను కమ్యూనిటీకి, కమ్యూనిటీ బాధలను కంపెనీకి చేరవేయాలి (రెండోది వీలును బట్టి). గిట్‌హబ్ ప్రొఫైల్ తప్పనిసరి. జీతం అనుభవాన్ని బట్టి."

అచ్చంగా ఈ మాటల్లోనే కాకపోయినా, ఓపెన్ సోర్స్ మీద వ్యాపారం చేసే కంపెనీల ప్రకటనల సారం ఇదే. వాటిని చూసినప్పుడల్లా నాదొకటే అనుమానం. వీళ్లు బెంగళూరులోనూ శాన్ ఫ్రాన్సిస్కోలోనూ ఎందుకు వెతుకుతున్నారు? ఈ పనికి తగినవాళ్లు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చర్లలో ఉన్నారు, దుమ్ముగూడెంలో ఉన్నారు, గుండాల, ఆళ్లపల్లి అడవుల్లో కావలసినంతమంది ఉన్నారు. ఏటా ఎండాకాలం వాళ్లు చేసే పని ఇదే. కాకపోతే వాళ్లను ఇక్కడ కల్లేదార్లు అంటారు.

తునికాకు సంగతి తెలియని పట్నం పాఠకుల కోసం నాలుగు మాటలు. ఫిబ్రవరి, మార్చిలో తునికి పొదల కొమ్మ కొడతారు. చిగురు వేస్తుంది. ఎండలు ముదిరేసరికి ఆకు బీడీ చుట్టడానికి పనికొచ్చేంత అవుతుంది. కోయ కుటుంబాలు తెల్లవారకముందే అడవిలోకి వెళ్లి ఆకు తెంపుకొస్తాయి. ఇంటిల్లిపాదీ కూర్చుని యాభై ఆకులకో కట్ట చొప్పున కట్టి కల్లానికి, అంటే ఆకు కొనే చోటికి, తెస్తారు. వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డ్ బ్యాగు, అంటే 50,000 ఆకులు. ఉమ్మడి రాష్ట్రంలో 1971 చట్టంతో ఈ వ్యాపారం సర్కారు చేతికి వచ్చింది. అటవీశాఖ ఆకును యూనిట్లవారీగా అమ్ముతుంది, కాంట్రాక్టరు కొంటాడు. ఆ కాంట్రాక్టరు తరఫున కల్లంలో కూర్చునేవాడే కల్లేదారు. కట్టలు లెక్కపెట్టేది ఆయన, పుస్తకంలో రాసేది ఆయన, ఆకు బాగాలేదని పక్కన పడేసేది ఆయన, "ఏం వదినా, ఇవాళ ఇంత ఆలస్యమైంది?" అని పలకరించేదీ ఆయనే. అడవి కాంట్రాక్టరుది కాదు. ఆకు తెంపేవాళ్లు ఆయన జీతగాళ్లు కారు. అయినా రోజూ పొద్దున్నే జనం అడవికి వెళ్లాలి, పొద్దు వాలేసరికి ఆకు కల్లానికి రావాలి. కమ్యూనిటీ మేనేజ్‌మెంట్ అంటే ఇంతకు మించి ఏముంది?

అలా ఇరవై ముప్పై సీజన్లు కల్లం నడిపిన ఒక పెద్దాయనను ఇంటర్వ్యూకి కూర్చోబెడదాం, ఊహలోనే. ఖమ్మంలో 2020 డిసెంబరులో తెరిచిన ఐటీ హబ్ ఎలాగూ ఉంది. ఏసీ గది, ఎదుట తెర మీద హెచ్‌ఆర్ అమ్మాయి.

"డెవలపర్ ఎంగేజ్‌మెంట్‌లో అనుభవం ఉందా, సర్?"

"అంటే ఏందమ్మా?"

"పని చేసేవాళ్లు మనల్ని వదిలి పోకుండా చూడటం."

"అట్ల చెప్పు. ఉన్నది. సీజన్‌కు ముందే ఊరి పెద్దమనుషుల్ని కలుస్తం. రేటు మాట్లాడుకుంటం. మీరేమిస్తరు?"

"స్టిక్కర్లు ఇస్తాం. బాగా చేసినవాళ్లకు టీషర్టు."

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "కట్టకెంత?"

"ఇది కట్టల లెక్క కాదు సర్. వాళ్లు ఇష్టంతో చేస్తారు."

"ఇష్టం మావోళ్లకు లేకనా అమ్మా? నవ్వుకుంట, ముచ్చట్లు పెట్టుకుంటనే పోతరు అడవికి. కల్లంకాడికొచ్చినంక మాత్రం కట్టకెంతని అడుగుతరు."

"వీళ్లకు పేరొస్తుంది. ఆ పేరు చూసి ఉద్యోగాలొస్తాయి."

"మీరిస్తరా?"

"కొందరికి."

"ఎంతమందిల కొందరికి?"

అభ్యర్థి మా సంస్థ సంస్కృతికి సరిపోడు అని అమ్మాయి రాసుకుంది. ఇంటర్వ్యూ ముగిసింది.

ఆ చివరి ప్రశ్నను మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఎవరూ అడగరు. కోడ్ దాచి పంచుకునే గిట్‌హబ్ లెక్కల్లో, డెవలపర్ల సంఖ్యలో అమెరికా తర్వాతి స్థానం మన దేశానిదే. ఇంతమందిలో ఎవరిని ఉద్యోగంలోకి తీసుకోవాలి? ప్రొఫైల్ పేజీలో రోజుకో చిన్న గడి ఉంటుంది, పని చేసిన రోజు పచ్చబడుతుంది. పచ్చగా ఉంటే పిలుస్తారు, తెల్లగా ఉంటే పిలవరు అని మన పిల్లలకు ఎవరో చెప్పారు. అడవుల జిల్లా పిల్లలకు పచ్చదనం గురించి వేరే చెప్పాలా! మొదలుపెట్టారు.

డిజిటల్ ఓషన్ అనే కంపెనీ 2014 నుంచి ఏటా అక్టోబరులో హ్యాక్టోబర్‌ఫెస్ట్ అని ఒక జాతర జరుపుతోంది. అప్పట్లో నాలుగు మార్పులు పంపితే టీషర్టు ఇచ్చేవారు. 2020లో మన దేశపు యూట్యూబు పాఠం ఒకటి చూసి కుర్రాళ్లు ఊరూపేరూ తెలియని ప్రాజెక్టుల్లోకి దూరి, పరిచయ పత్రంలో ఒక విశేషణం చేర్చి, అదే తమ మహత్తర సేవ అని పంపడం మొదలుపెట్టారు. ఆ ప్రాజెక్టులు నడిపేవాళ్లు లబోదిబోమంటే, కంపెనీవాళ్లు జాతర మధ్యలో నిబంధనలు మార్చుకున్నారు. ఇష్టపడి చేరిన ప్రాజెక్టులకే లెక్క అన్నారు. మూడేళ్లకు టీషర్టులే ఆపేశారు. అయినా 2024 మొదట్లో ఎక్స్‌ప్రెస్ అనే ప్రసిద్ధ ప్రాజెక్టుకు మళ్లీ అదే గతి పట్టింది. పాఠంలో చూపించింది చూపించినట్టే చేసి, పరిచయ పత్రంలో తమ పేరు చేర్చమంటూ వందలమంది వరుస కట్టారు. అందరూ ఈ పిల్లల్ని తిట్టారు. నేను తిట్టను. గడి పచ్చగా ఉంటేనే ఉద్యోగమని చెప్పి, గడికి రంగు వేశాడని తిట్టడం ఏం న్యాయం? కట్టలో ఎన్ని ఆకులున్నాయో విప్పి చూడకుండా కట్టలు మాత్రమే లెక్కపెట్టే కల్లంలో నలభై ఆకుల కట్ట రావడం ఖాయమని మా పెద్దాయన మొదటిరోజే చెప్పేవాడు. ఆయన్ను తీసుకోలేదుగా.

ప్రొఫైల్ చూసి మనిషిని కొలిచే విద్య ఎంత గొప్పదో ఎక్స్‌జెడ్ కథ చెబుతుంది. ఫైళ్లను కుదించే చిన్న సాఫ్ట్‌వేర్ అది. దాదాపు లైనక్స్ నడిచే చోటల్లా ఉంటుంది. నడిపేది ఒక్కడు, జీతం లేకుండా. 2021లో జియా టాన్ అనే పేరుతో ఒకరు వచ్చారు. ఓపికగా, మర్యాదగా, ఏళ్ల తరబడి పని చేశారు. ఈలోగా ఎవరో తెలియని ఖాతాలు ఆ ఒంటరివాడి మీద పడి, పని నత్తనడక నడుస్తోంది, బాధ్యత ఇంకొకరికి అప్పగించు అని సతాయించాయి. విసిగిపోయి అప్పగించాడు. 2024 మార్చిలో బయటపడిందేమిటంటే, ఆ జియా టాన్ సాఫ్ట్‌వేర్ లోపల ఒక దొంగ తలుపు బిగించాడు. పట్టుకున్నది ఏ కమ్యూనిటీ మేనేజరూ కాదు. లాగిన్ అవడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆరా తీసిన ఒక మైక్రోసాఫ్ట్ ఇంజినీరు. జియా టాన్ ప్రొఫైల్‌ను ఆ ముందు నెలలో ఏ హెచ్‌ఆర్ చూసినా కళ్లకద్దుకుని ఉద్యోగమిచ్చేది.

ఇక అసలు విషయానికి వద్దాం. కమ్యూనిటీ మేనేజర్ పని ఎప్పుడు తెలుస్తుంది? మామూలు రోజుల్లో కాదు, లైసెన్సు మారిన రోజున.

ఎలాస్టిక్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ 2021 జనవరిలో లైసెన్సు మార్చింది. హాషీకార్ప్ 2023 ఆగస్టులో మార్చింది. రెడిస్ 2024 మార్చిలో మార్చింది. నిన్నటిదాకా ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చన్న సరుకుకు పొద్దున లేచేసరికి కంచె పడింది. వాళ్లకూ ఒక బాధ ఉంది, అది అబద్ధం కాదు. అమెజాన్ లాంటి క్లౌడ్ కంపెనీలు వీళ్ల సాఫ్ట్‌వేర్‌ను అద్దెకిచ్చి డబ్బు చేసుకుంటూ వీళ్లకు విదిల్చేది అంతంతమాత్రం. అయితే పెద్ద కాంట్రాక్టరు చిన్న కాంట్రాక్టరును ముంచినప్పుడు, చిన్న కాంట్రాక్టరు వెళ్లి ఎవరి మీద పడాలి? ఆకు తెంపేవాళ్ల మీదనా? హాషీకార్ప్‌కు కోడ్ ఇచ్చినవాళ్లు ముందే ఒక ఒప్పందానికి సరే అన్నారు. సీఎల్‌ఏ అంటారు దాన్ని. నీ కోడ్‌ను రేపు మేం ఏ లైసెన్సు కిందైనా పెట్టుకోవచ్చు అన్న హక్కు అందులో ఉంటుంది. సంతకం పెట్టేటప్పుడు చదివినవాళ్లు ఎందరో ఆ భద్రాద్రి రాముడికే తెలియాలి. లైసెన్సు మారిన ఏడాదిలోపే, 2024 ఏప్రిల్‌లో, ఐబీఎం ఆ కంపెనీని 640 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. ఆ బేరంలో కమ్యూనిటీ వాటా ఏమిటని అడగకండి, స్టిక్కర్లు అప్పటికే ఇచ్చేశారు.

అదే ఐబీఎం 2019లో రెడ్‌హ్యాట్‌ను 3,400 కోట్ల డాలర్లకు కొన్నది. కమ్యూనిటీని ఎలా చూసుకోవాలో లోకానికి పాఠం చెప్పిన కంపెనీ రెడ్‌హ్యాట్. 2023లో వంద మందిలో నలుగురిని ఇంటికి పంపినప్పుడు ఫెడోరా అనే లైనక్స్ కమ్యూనిటీ పనులన్నీ ఒక దారిన నడిపించే ప్రోగ్రామ్ మేనేజర్ ఉద్యోగం కూడా ఎగిరిపోయింది. ఈ లోకంలో కల్లేదారుకూ గ్యారంటీ లేదు.

కంచె పడ్డాక జనం ఏం చేస్తారు? ఫోర్క్ చేస్తారు. పాత కోడ్ తీసుకుని, పేరు మార్చి, వేరు కాపురం పెడతారు. భద్రాచలం వాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. 2014లో పోలవరం ముంపు పేరుతో ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌కు ఫోర్క్ చేశారు. పట్టణం, గుడి ఇక్కడ మిగిలాయి, చుట్టూ పల్లెలు అక్కడికి పోయాయి. రాముడు తెలంగాణలో, పురుషోత్తపట్నంలో ఆయన భూములు ఆంధ్రలో. ఆ భూముల తగవు ఇప్పటికీ తెగలేదు. సాఫ్ట్‌వేర్‌వాళ్లు ఇంతకన్నా నయం. రెడిస్ లైసెన్సు మార్చిన ఎనిమిది రోజులకే లైనక్స్ ఫౌండేషన్ నీడన వాల్కీ పుట్టింది. హాషీకార్ప్ సరుకు మీద ఓపెన్‌టోఫు వచ్చింది. ఎలాస్టిక్ మీద ఓపెన్‌సెర్చ్ అంతకుముందే వచ్చింది, పుట్టించింది సాక్షాత్తు అమెజానే.

అప్పుడు మొదలైంది అసలు రిక్రూట్‌మెంటు. రెడిస్‌ను పుట్టించిన పెద్దమనిషి 2020లో పక్కకు తప్పుకున్నాడు. జనం వాల్కీ గడప తొక్కాక, 2024 చివర్లో, కంపెనీ ఆయనకు మళ్లీ ఉద్యోగమిచ్చింది. పని ఏమిటయ్యా అంటే, కంపెనీకీ కమ్యూనిటీకీ మధ్య వారధి. 2025 మేలో ఏజీపీఎల్ అనే అసలు సిసలు ఓపెన్ సోర్స్ లైసెన్సు కూడా చేర్చి, మళ్లీ మేం మీవాళ్లమే అన్నారు. ఎలాస్టిక్ ఆ పని 2024 ఆగస్టులోనే చేసింది. మంచిదే. గొడ్డలితో కొమ్మ కొట్టింది కంపెనీయే, ఇప్పుడు చిగురు వేసిందని పండగ చేసుకుంటున్నదీ కంపెనీయే.

ఇదంతా చెబుతున్నానని తునికాకు కల్లం స్వర్గమనుకోకండి. నూరు కట్టలకు కొసరు కట్టలు గుంజిన కల్లేదార్లు ఉన్నారు. ఆకు అమ్మాక ప్రభుత్వం ఇవ్వాల్సిన బోనస్ ఏళ్ల తరబడి నిలిచిపోయిన రోజులున్నాయి. మే నెల ఎండలో, ఎలుగుబంట్లు తిరిగే అడవిలో చేసే పని అది, ఏసీ గదిలో కూర్చుని చేసే సేవతో పోల్చడమే కాస్త అన్యాయం. కానీ ఒకటుంది. 1980లలో కట్టకు పైసలు ఇచ్చేవాళ్లు, ఇప్పుడు రూపాయలు ఇస్తున్నారు. కాంట్రాక్టరుకు దయ పుట్టి కాదు, అడవిలో జరిగిన పోరాటాల వల్ల. ఇప్పటికీ సీజన్‌కు ముందు సంఘాలు రేటు తేల్చమని కూర్చుంటాయి. అడవి దాటితే ఛత్తీస్‌గఢ్‌లో 2024 నుంచి స్టాండర్డ్ బ్యాగుకు 5,500 రూపాయలు ఇస్తున్నారన్న సంగతి ఇవతల ఆకు తెంపే ఆడమనిషికి తెలుసు, ఆ లెక్క చెప్పి అడుగుతుంది కూడా. బీటెక్ చదివి, పచ్చ గడుల కోసం రాత్రిళ్లు మేలుకునే మనవాడికి తను రాసిన కోడ్ మీద కంపెనీ ఎంత సంపాదిస్తోందో తెలియదు, అడగాలన్న ఆలోచనే రాదు.

కమ్యూనిటీ కోసం ఊరికే పనిచేయడం తప్పని కాదు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థవాళ్లు ఏళ్లుగా కాలేజీ పిల్లలతో కంప్యూటర్లకు తెలుగు నేర్పిస్తున్నారు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు నుంచి జీతం లేని చేతుల మీదే నడుస్తోంది. అక్కడ కట్టకెంత అని ఎవరూ అడగరు. ఎందుకంటే ఆకు ఎవరి గోదాముకూ పోదు.

కాబట్టి ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం పిల్లలకు ఒక మాట. అక్టోబరు రాగానే పరిగెత్తకండి. ఏ ప్రాజెక్టుకైనా కోడ్ ఇచ్చేముందు, సీఎల్‌ఏ ఉంటే అందులో లైసెన్సు మార్చుకునే హక్కు గురించి రాసిన పేరా వెతికి చదవండి. చదివాక కూడా ఇవ్వాలనిపిస్తే నిక్షేపంగా ఇవ్వండి. కమ్యూనిటీ మేనేజర్ ఉద్యోగమే వస్తే వదులుకోకండి, జీతం బాగానే ఉంటుంది. చేరేముందు హెచ్‌ఆర్‌ను ఒక్కటి అడగండి: "లైసెన్సు మార్చే వారం నాకు ముందుగా చెబుతారా, లేక నేనూ అందరితోపాటే తెలుసుకోవాలా?"