గ్రాఫిక్స్ కార్డు మార్చాలా, ఆగాలా? అందరూ చెప్పేదానికి ఎదురు సలహాలు

"ఇప్పుడే కొనెయ్, రేట్లు పెరుగుతాయి" అనేవాళ్లు ఒక పక్క. "కొంచెం ఆగు, కొత్త సిరీస్ వస్తోంది" అనేవాళ్లు ఇంకో పక్క. గేమింగ్ పీసీ ఉన్న ఎవరికైనా ఈ రెండు మాటల పోరు తప్పదు. ఈ రెండు పక్షాలూ చూసేది కంపెనీల క్యాలెండరే. మీరు ఏ ఆట ఆడుతున్నారో, అది మీ దగ్గర ఎలా నడుస్తోందో ఎవరూ అడగరు.

కార్డు ఎప్పుడు మార్చాలో తేల్చాల్సింది ఆట. మీరు ఈ వారం ఆడాలనుకున్న ఆట మీ కార్డు మీద నడవకపోతే మార్చాలి. నడుస్తుంటే ఏ సేల్ వచ్చినా, ఏ సిరీస్ వచ్చినా మీకు దాంతో పని లేదు. కింది సలహాలు వినగానే చాలామందికి తప్పనిపిస్తాయి. అయినా ఒక్కో దానికీ కారణం ఉంది. పూర్తిగా చదివాక నిర్ణయించుకోండి.

1. కొత్త సిరీస్ కోసం ఆగకండి

ఆగడానికి అంతు ఉండదు. ఆర్‌టీఎక్స్ 30 సిరీస్ 2020 సెప్టెంబర్‌లో వచ్చింది, 40 సిరీస్ 2022 అక్టోబర్‌లో, 50 సిరీస్ 2025 జనవరిలో. మధ్యలో 2024 జనవరిలో సూపర్ కార్డులు దిగాయి. ఎప్పుడు చూసినా ఏదో ఒకటి రాబోతూనే ఉంటుంది.

పోనీ ఆగినవాళ్లకు లాభం గ్యారంటీగా దక్కిందా? 2020లో ఆర్‌టీఎక్స్ 3080 ధర 699 డాలర్లని ఎన్విడియా ప్రకటించింది. ఆ ధరకు కార్డు దొరికినవాళ్లు అదృష్టవంతులు. చిప్పుల కొరత ఒకవైపు, ఎథీరియం మైనింగ్ కోసం కార్డులు ఎగరేసుకుపోయేవాళ్లు ఇంకోవైపు. 2022 సెప్టెంబర్ 15న ఎథీరియం మైనింగ్ పద్ధతినే వదిలేసింది. మార్కెట్ దారికి రావడానికి అంతకాలం పట్టింది. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో మెమరీ చిప్పుల రేట్లు మళ్లీ ఎగబాకాయి. ఆగితే తగ్గుతుందన్న లెక్క ఎన్నోసార్లు తప్పింది. ఆ లెక్క మీద మీ రెండేళ్ల ఆటను పణంగా పెట్టకండి.

2. "ముందు ముందు పనికొస్తుంది" అని కొనకండి

ఇది మన ఇళ్లలో అన్నిటికీ చెప్పే మాటే. గ్రాఫిక్స్ కార్డు దగ్గర మాత్రం పనిచేయదు. 2018లో ఎన్విడియా సొంతంగా అమ్మిన ఆర్‌టీఎక్స్ 2080 టీఐ ధర 1199 డాలర్లు. పదేళ్లు చూసుకోనక్కర్లేదని కొన్నవాళ్లున్నారు. రెండేళ్లు తిరిగేసరికి 499 డాలర్ల 3070 దాదాపు అంతే వేగం ఇచ్చింది. ముందుజాగ్రత్త పేరుతో కట్టిన డబ్బులో సగానికి పైగా రెండేళ్లలో విలువ కోల్పోయింది.

జీటీఏ 6 కోసం ఇప్పుడే కార్డు సిద్ధం చేసుకుంటున్నవాళ్లకూ ఇదే మాట. జీటీఏ 5 కన్సోళ్ల మీద 2013 సెప్టెంబర్‌లో వస్తే పీసీకి 2015 ఏప్రిల్‌లో వచ్చింది. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 కూడా 2018 అక్టోబర్‌లో కన్సోళ్లకు, 2019 నవంబర్‌లో పీసీకి వచ్చింది. విడుదల కాని ఆట కోసం కొన్న కార్డు, ఆ ఆట వచ్చేసరికి పాతదై కూర్చుంటుంది.

3. బెంచ్‌మార్క్ వీడియోలు పక్కన పెట్టి టాస్క్ మేనేజర్ తెరవండి

ఆ వీడియోల్లో కార్డు సత్తా పూర్తిగా బయటపడాలని అన్నిటికంటే వేగమైన ప్రాసెసర్ పెట్టి పరీక్షిస్తారు. అది సరైన పద్ధతే. కానీ ఆ ప్రాసెసర్ మీ ఇంట్లో లేదు. మీ ఆట నడుస్తుండగా టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ చూడండి. జీపీయూ 95 శాతానికి పైన నిలకడగా ఉంటే కార్డు ఊపిరి సలపకుండా పనిచేస్తున్నట్టు. 60 శాతం దగ్గరే ఆగిపోయి, ఆట మాత్రం తడబడుతుంటే తప్పు కార్డుది కాదు. ప్రాసెసర్ కావచ్చు, ర్యామ్ కావచ్చు.

మెమరీ పేజీలో ఎన్ని స్లాట్లు వాడుతున్నారో కూడా కనిపిస్తుంది. మన దగ్గర అసెంబుల్ చేయించిన చాలా పీసీల్లో ఒకే ర్యామ్ స్టిక్ పెట్టి పంపిస్తారు. అలాంటిదే ఇంకోటి జోడించి డ్యుయల్ చానెల్ చేస్తే చాలా ఆటల్లో తడబాటు తగ్గుతుంది. ఆ ఖర్చు కార్డు ధరలో చిన్న భాగం.

4. కార్డు కంటే ముందు బ్రష్ కొనండి

ఎండాకాలం గదిలో ఏసీ లేకుండా ఆడేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ప్లగ్ తీసి, సైడ్ ప్యానెల్ విప్పి, కార్డును పట్టి ఉంచే స్క్రూ తీసి, స్లాట్ చివరనున్న చిన్న లాచ్ నొక్కితే కార్డు చేతిలోకి వస్తుంది. వెలుతురులో పెట్టి ఫ్యాన్ రెక్కల సందులోంచి చూడండి. హీట్‌సింక్ రేకుల మధ్య దుమ్ము, వెంట్రుకలు కలిసి గట్టిపడి గాలికి దారి లేకుండా ఉంటాయి. మెత్తటి బ్రష్‌తో కదిపి బ్లోయర్ కొట్టండి. కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, గిర్రున తిరగనిస్తే బేరింగ్ పాడవుతుంది. వారంటీ అయిపోయిన పాత కార్డయితే థర్మల్ పేస్ట్ కూడా మార్పించండి.

జీటీఎక్స్ 10 సిరీస్ కార్డులు 83 డిగ్రీల చుట్టుపక్కలకు రాగానే తమ వేగం తామే తగ్గించుకుంటాయి. ముసలిదైపోయిందని మనం అనుకునే కార్డు చాలాసార్లు వేడెక్కిన కార్డే.

5. సెట్టింగులు తగ్గించండి, అంకె దాచేయండి

అల్ట్రాకీ హైకీ తేడా ఆపి చూస్తే తప్ప దొరకదు. ఆడుతుంటే కనపడదు. నీడలు, పొగమంచు, ప్రతిబింబాలు ఒక మెట్టు దించండి. కార్డు మెమరీ సరిపోతే టెక్స్చర్లు మాత్రం తగ్గించకండి, కంటికి ఆనేది అవే. డీఎల్ఎస్ఎస్‌కు ఆర్‌టీఎక్స్ కావాలి కానీ, ఏఎండీ వారి ఎఫ్‌ఎస్‌ఆర్ 2 పాత జీటీఎక్స్ కార్డుల మీద కూడా నడుస్తుంది.

తర్వాత మూలన ఉన్న ఎఫ్‌పీఎస్ అంకె ఆపేయండి. 30 నుంచి 60కి వెళ్తే ఒక్కో ఫ్రేముకు దాదాపు 17 మిల్లీసెకన్లు మిగులుతాయి. 60 నుంచి 120కి ఎనిమిది, 120 నుంచి 240కి నాలుగు. మొదటి మెట్టు అందరికీ తెలుస్తుంది, చివరిది పోటీల్లో ఆడేవాళ్లకే పనికొస్తుంది. పైగా మీ మానిటర్ 60 హెర్ట్జ్‌దైతే ఆ పైన కార్డు గీసిన ఫ్రేములన్నీ మీకు చూపించే దారే లేదు. అలాంటప్పుడు మార్చాల్సింది మానిటర్.

6. అమెరికా నుంచి తెప్పించకండి

డల్లాస్‌లోని అన్నయ్య వస్తున్నాడు, సూట్‌కేసులో పెట్టుకొస్తాడు అన్నది మన ఇళ్లలో అందరికీ తట్టే ఆలోచనే. అక్కడి ప్రకటిత ధరలో సేల్స్ ట్యాక్స్ ఉండదు, ఇక్కడి ధరలో 18 శాతం జీఎస్టీ కలిసే ఉంటుంది. రెండూ సరిచేసి పోల్చండి. మిగిలే తేడాకు బదులుగా మీరు వదులుకునేది వారంటీ కావచ్చు. చాలా కార్డులకు అది కొన్న దేశంలోనే చెల్లుతుంది. సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో బిల్లుతో కొన్న కార్డు పాడైతే కౌంటర్ దగ్గరికి వెళ్లి అడగొచ్చు. ఆ హక్కుకు విలువ కట్టండి.

7. ఆట ఆగిపోయిన రోజు మాత్రం ఆలోచించకండి

కార్డు మార్చాల్సిన గుర్తులు ఖచ్చితంగా ఉంటాయి. 2024 డిసెంబర్‌లో వచ్చిన ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్, 2025 మేలో వచ్చిన డూమ్ ది డార్క్ ఏజెస్ రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ లేనిదే నడవవు. ఒకప్పటి రారాజు జీటీఎక్స్ 1080 టీఐ అయినా అక్కడ చేతులెత్తేయాల్సిందే. 2016లో వచ్చిన జీటీఎక్స్ 1060తో సహా ఆ తరానికంతటికీ కొత్త ఆటల డ్రైవర్లు 2025 అక్టోబర్‌తో ఆగిపోయాయి. ఇక వచ్చేవి భద్రతా అప్‌డేట్లే. మీ మనసు పడ్డ ఆట ఈ గీతకు అవతల ఉంటే, సెట్టింగులు ఎంత దించినా లాభం లేకపోతే, ఆ వారమే కొనండి. వచ్చే నెల కొత్త సిరీస్ వస్తుందన్నా ఆగకండి.

కొనేటప్పుడు మూడు విషయాలు చూసుకోండి. ఒకటి, మెమరీ. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ ఒకే పేరుతో 8 జీబీ, 16 జీబీ రెండు రకాలుగా అమ్ముతున్నారు. పెట్టె మీద చదివి 16 తీసుకోండి. రెండు, ఎస్‌ఎంపీఎస్. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన పేరులేని సరుకు మీద కొత్త కార్డు పెట్టకండి. మూడు, మదర్‌బోర్డు. ఆర్‌టీఎక్స్ 4060, 5060 కార్డులు ఎనిమిది లేన్లతోనే పనిచేస్తాయి. పీసీఐఈ 3 తరం బోర్డు మీద, ముఖ్యంగా కార్డు మెమరీ నిండినప్పుడు, వేగం పడిపోతుంది.

కొన్నాక ధరల పేజీలు మూసేయండి. వారం తర్వాత మూడు వేలు తగ్గినా అది మీకు నష్టం కాదు. ఆ వారం మీరు ఆడుకున్నారు. కార్డు కొన్నది అందుకే కదా!