గవర్నరు గారికి చిల్లర ఖర్చుల విన్నపం

మహారాజశ్రీ భారతీయ రిజర్వు బ్యాంకు గవర్నరు గారి సముఖానికి, నెలకు అయిదు వేలకు మించి ఖర్చుపెట్టలేని విద్యార్థుల, చిరుద్యోగుల పక్షాన రాసుకుంటున్న విన్నపం.

అయ్యా, క్రెడిట్ కార్డులపై 2022లో మీ సంస్థ ఇచ్చిన ఆదేశాలు మంచివే. అడగని కార్డు అంటగట్టొద్దన్నారు. వడ్డీని ఏడాది రేటులో చెప్పమన్నారు. కార్డు మూసెయ్యమన్నాక ఏడు పనిదినాలు దాటితే రోజుకు 500 రూపాయలు కట్టమన్నారు. బ్యాంకు పుచ్చుకునేదానికి ఇంత గట్టిగా లెక్క చెప్పించారు కదా, మరి ఇస్తానంటున్నదాని సంగతేమిటి? వడ్డీ శాతాల్లో ఉంది, రుసుం రూపాయల్లో ఉంది, బహుమతి మాత్రం నేటికీ పాయింట్లలోనే ఉంది. ఈ పాయింటు ఏ దేశపు నాణెమో, దాని మారకపు రేటు ఎవరు కడతారో, రూపాయి బాగోగులు చూసే తమరే అడక్కపోతే ఇంకెవరడుగుతారు?

ఒక మామూలు కార్డునే తీసుకుందాం. 150 రూపాయలకు రెండు పాయింట్లు, పాయింటు విలువ పావలా, ఏడాది రుసుం 500. నెలకు అయిదు వేల చొప్పున ఏడాదికి 60,000 గీకితే 800 పాయింట్లు, అంటే 200 రూపాయలు. రుసుం 18 శాతం జీఎస్టీతో కలిపి 590. చారాణా కోడికి బారాణా మసాలా! లక్ష ఖర్చుపెడితే రుసుం మాఫీ అంటారా, 590 మిగుల్చుకోవడానికి ఇంకో నలభై వేలు వదిలించుకోవాలన్నమాట. ఆ 200 అయినా నికరంగా దక్కదు. లావాదేవీకి విడివిడిగా లెక్కగట్టే కార్డులో 140 రూపాయల టిఫిను బిల్లుకు సున్నా, 299 రూపాయల ఫోను రీఛార్జికి 150 వంతే. పెద్ద బిల్లు కట్టేవాడికి ఈ తరుగు తెలియదు. చిల్లర ఖర్చువాడికి ప్రతి బిల్లులోనూ తరుగే. పైగా కొన్ని బ్యాంకులు పాయింట్లను మార్చుకోవడానికి కూడా రుసుం తీసుకుంటాయి. ఇక ఒక్క నెల బిల్లు కట్టలేదనుకోండి. అయిదు వేల బాకీని నెల మోస్తే నెలకు మూడున్నర శాతం చొప్పున 175 రూపాయల వడ్డీ, దానిమీద జీఎస్టీ, వెరసి 206.50. ఏడాది పొడవునా పోగేసిన పాయింట్లు ఒక్క నెల వడ్డీకి, దాని పన్నుకు కలిపి చాలలేదు. వడ్డీ 30 శాతం మించకూడదన్న 2008 నాటి జాతీయ వినియోగదారుల కమిషన్ తీర్పును 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది కనుక ఆ ఆసరా కూడా లేదు.

షరతులన్నీ కాగితంలో ఉన్నాయి, చదువుకోవచ్చుగా అంటారు. ఉన్నాయి నిజమే, కానీ పాయింటు విలువ ఒక పేజీలో, మినహాయింపులు మరో పేజీలో, గడువు ఇంకో పేజీలో ఉంటే అది చదువు కాదు, గూఢచర్యం. చిన్న ఖర్చువాళ్లకు బహుమతులిస్తే బ్యాంకుకు గిట్టదన్న వాదనలో న్యాయం ఉంది. గిట్టకపోతే ఇవ్వొద్దు, ఇస్తున్నట్టు కనబడొద్దు. కుర్రవాళ్లకు కార్డుతో క్రెడిట్ స్కోరు వస్తుందన్నది కాదనలేని మాట. అయితే ఆ స్కోరు సకాలంలో బిల్లు కట్టడం వల్ల వస్తుంది, పాయింట్ల వల్ల కాదు. ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డుతోనూ వస్తుంది. కాబట్టి తక్కువ ఖర్చువాళ్లకు పనికొచ్చేది ఒక్కటే రకం: రుసుం లేకుండా, ఎంత చిన్న బిల్లుకైనా ఒకే శాతం చొప్పున, అడక్కుండానే బిల్లులో డబ్బు తగ్గించే కార్డు. ఒక్క శాతమిచ్చినా ఏడాదికి 600. విమానాశ్రయం లాంజిలో ఉచిత ఉప్మా మాకొద్దు. మేం ఎక్కేది ప్యాసింజరు రైలు.

మేం కోరేది ఒక్క గడి. ప్రతి దరఖాస్తు మొదటి పేజీలో, ఏడాదికి 60,000 ఖర్చుపెట్టేవారికి రుసుములు, పన్నులు పోగా చేతికొచ్చేది ఎంతో రూపాయల్లో రాయించండి. ఆ అంకె సున్నా కన్నా తక్కువైతే ఎర్ర సిరాతో అచ్చువేయించండి.

ఇట్లు,
చిల్లర ఖర్చుదారులు